ఏడంగుళాల ఫ్రేమ్

జెరోటిచ్‌ని చంపింది లినెట్.

ఇది కిమైయో అనుమానం కాదు. జరిగిన సంగతి. గ్యాస్ సిలిండర్ పేలి చనిపోయిందని డిపార్ట్‌మెంట్ తేల్చింది. తేల్చినవాళ్లెవరూ ఆ వంటింట్లో కాలు పెట్టలేదు. కిమైయో పెట్టాడు. భార్యని తీసుకెళ్లిపోయాక పొయ్యి వెనక మసిలో చెయ్యి పెట్టి వెతికాడు. వేలెడు పొడవున నల్లటి ముక్క దొరికింది. కార్బన్ ఫైబర్. చిన్న డ్రోన్‌కి ఉండే చెయ్యి. మూడంగుళాల రకం.

ఆ వంటింటి కిటికీకి ఒక ఊచ లేదు. అక్కడున్న సందు సరిగ్గా జానెడు. అది జరగడానికి కొన్నాళ్ల ముందు డ్రోన్ రేసులాడే లినెట్ ఆ ఇంటికి వచ్చింది. అదే కిటికీ దగ్గర నిలబడి, లోపల బొగ్గు రుద్దిన సొరకాయ బుర్రలోంచి పులిసిన పాలు వంపుకుని తాగింది. జెరోటిచ్‌తో నవ్వుతూ మాట్లాడుతూ కుడిచెయ్యి ఆ సందులో పెట్టి వేళ్లు బార్లా చాచింది. బొటనవేలు ఈ ఊచకి తగిలింది, చిటికెనవేలు ఆ ఊచకి తగిలింది.

"గాలి బాగా వస్తోంది పిన్నీ," అంది.

జెరోటిచ్ మురిసిపోయి, తను గుచ్చిన పూసల దండ తీసి ఆమె మెళ్లో వేసింది.

పక్కనే కూర్చుని ఉన్న కిమైయో అంతా చూశాడు. అది కొలత అని అప్పుడు అతనికి తట్టలేదు.

*

"పాత సంగతులు ఇంట్లో వదిలి రా," అన్నాడు కోరిర్.

"వాటిని చూసుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు సార్."

కోరిర్ కిమైయో పనిచేసే రహస్య విభాగానికి పెద్ద. టీలో పంచదార కలుపుతూ చావుల గురించి మాట్లాడగల మనిషి. కిమైయో జవాబు విననట్టే టేబుల్ మీద ఒక ఫోటో ముందుకు తోశాడు. తెల్లవాడు. ఎండకి కమిలిన మెడ, రంగు లేని కళ్లు.

"బ్రాండ్ట్. పాస్‌పోర్టులు నాలుగు. వాడిది ఏ దేశమో వాడు కూడా మర్చిపోయి ఉంటాడు. కెరియో లోయకి తుపాకులు అమ్మేది వీడి ముఠా. కొండ పైవాళ్లకీ అమ్ముతాడు, లోయలోవాళ్లకీ అమ్ముతాడు. ఆవుల కోసం వాళ్లూ వీళ్లూ కాల్చుకు చస్తుంటే వీడి సరుకు కదులుతుంది."

"ఇప్పుడు కదలట్లేదా?"

"తప్కిగెన్ అవ్వ అడ్డం పడింది. రెండు వైపులవాళ్లనీ కూర్చోబెట్టి తిట్టి, ఏడ్చి, మొత్తానికి ఒప్పించింది. ఈ శనివారం ఇటెన్‌లో డ్రోన్ రేసు. కుర్రకారంతా వస్తుంది. ఆ మైదానంలోనే తుపాకులు తెచ్చి ఆవిడ కాళ్ల ముందు పడెయ్యాలి. సరిగ్గా అప్పుడే ఆవిడ చచ్చిందనుకో?"

"పడేసిన తుపాకులు మళ్లీ చేతుల్లోకి వస్తాయి."

"సాయంత్రానికి లోయ నిండా పీనుగులుంటాయి. బ్రాండ్ట్ డ్రోన్‌తోనే కొడతాడు. రేసులో అన్ని ఎగురుతుంటే ఇంకొకదాన్ని ఎవడు పట్టించుకుంటాడు? సిగ్నళ్లు ఆపే జామర్ పెడదామంటే రేసే ఆగిపోతుంది. రేసు లేకపోతే కుర్రాళ్లు రారు, తుపాకులు రావు. నువ్వు వెళ్లాలి. టీ ఫ్యాక్టరీలో రిటైరైన ఫోర్‌మన్‌వి. చెవుడు. ముసలితనంలో డ్రోన్ల పిచ్చి పట్టింది." కోరిర్ సొరుగులోంచి ఒక చెవిటి మిషన్ తీసి ఇచ్చాడు. "ఇది వైర్‌లెస్. నేను మాట్లాడింది నీకొక్కడికే వినబడుతుంది. ముఠాలో మన మనిషి ఒకతి ఉంది. కోడ్ పేరు తేనెపిట్ట. ఆమె చెప్పినట్టు చెయ్యి."

"అసలు పేరు?"

కోరిర్ చెంచా కింద పెట్టాడు. "లినెట్."

కిమైయో చెవిటి మిషన్‌ని తిరిగి టేబుల్ మీద పెట్టాడు.

"నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు కిమైయో. రుజువు లేదు. ఉన్నా ఇప్పుడు నాకక్కర్లేదు. ఆ పిల్ల నాకు కావాలి. అర్థమైందా?"

"అయింది సార్."

అతనికి నిజంగానే అర్థమైంది. డిపార్ట్‌మెంట్‌కి లినెట్ పనికొస్తుంది. జెరోటిచ్ పనికి రాదు.

*

ఎల్డొరెట్ బస్టాండ్ వెనక సావే దుకాణం. గోడ నిండా మేకులకి డ్రోన్ ఫ్రేములు వేలాడుతున్నాయి. చిన్నవి అరచేతిలో ఇమిడేలా ఉన్నాయి, పెద్దవి పీటంత ఉన్నాయి. అన్నీ నల్లగా, మాంసం ఒలిచేసిన ఎముకల్లా ఉన్నాయి.

"పాలు పులిశాయా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"బొగ్గు ఇంకా రుద్దలేదు," అన్నాడు కిమైయో వెనక్కి తిరక్కుండా.

కోరిర్ చెప్పిన కోడ్ అదే. తిరిగి చూశాడు. ఎర్ర తోలు జాకెట్. నుదుటి మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు. బంగారు రంగు గోళ్లు. ఆ జిల్లాలో ఆమెని ఓడించిన పైలట్ లేడు, ఆమె నడిచిపోతుంటే తల తిప్పి చూడని మగాడు లేడు. మెళ్లో పూసల దండ ఉంది. జెరోటిచ్ గుచ్చిన దండ. అది వేసుకునే వచ్చింది.

"బాగున్నావా బాబాయ్? పిన్ని సంగతి విని ఎంత ఏడ్చానో."

"విన్నాను."

"ఏ సైజు కావాలి మరి? అయిదేగా?"

సావే గల్లా మీద నుంచి ముందుకి వంగాడు. పొట్టిగా, గుండ్రంగా, నోరు మూతపడని మనిషి. చెవిటి మిషన్ చూసి గొంతు పెంచాడు. "పెద్దాయనా! అంగుళాలంటే ఫ్రేమ్ పొడవు అనుకునేవు! దానికి పట్టే రెక్క పొడవు! మూడంటే ఇంట్లో మనవలకి! అయిదంటే రేసుకి! ఏడంటే గాడిద, బరువులు మొయ్యడానికి!"

"మిషన్ పెట్టుకుంటే వినబడుతుందయ్యా. మెల్లిగా చెప్పు."

"సావే అన్నా, రెండు టీలు చెప్పు," అంది లినెట్. అతను బయటికి వెళ్లగానే గొంతు తగ్గించింది. "విను. బ్రాండ్ట్ ఏడంగుళాలది కట్టించాడు. ఇటెన్ ఎత్తులో గాలి పల్చన, రెక్కకి పట్టు దొరకదు. అందులో బాంబు బరువొకటి. ఏడే గతి. లోయ అడుగు నుంచి లేపుతాడు. చుట్టు తిరిగి వేదికకి ఎదురుగా, బాహాటంగా వస్తుంది. మీవాళ్లందర్నీ ముందు వైపు నిలబెట్టు. నువ్వు అయిదు తీసుకుని ఎదురెళ్లి గుద్దెయ్. అయిదు పాములా మెలి తిరుగుతుంది. ఏడు దున్నపోతు, పక్కకి తప్పుకోలేదు."

"నాకు ఎగరెయ్యడం రాదమ్మాయ్."

"నేర్పిస్తాగా. రా."

దుకాణం వెనక పెరట్లో అతని కళ్లకి గాగుల్స్ తగిలించింది. డ్రోన్ ముక్కు మీదున్న కెమెరా ఏది చూస్తే అతని కళ్లకి అదే కనబడింది. నేల జారిపోయింది. రేకుల కప్పులు కిందకి పోయాయి. కిమైయో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లినెట్ పకపకా నవ్వింది.

"కక్కేసేవు బాబాయ్, అవి నా గాగుల్స్! ఇదిగో, ఈ మీట గుర్తుపెట్టుకో. బొమ్మ పోయిందనుకో, ఇది నొక్కు. ఎక్కడ లేచిందో అక్కడికే దానంతటది వెళ్లి దిగుతుంది. నా చేత్తో కట్టిన ప్రతిదానికీ ఈ మీట ఉంటుంది. బొమ్మ పోతే నా వేలు నన్నడగదు. అదే పోతుంది."

"బొమ్మ ఎందుకు పోతుంది?"

"నీలాంటి ముసలాళ్ల వల్ల. ఒకడు ఎగరేస్తుండగా పక్కన నువ్వు అదే ఛానెల్లో నీది ఆన్ చేశావనుకో, వాడి కళ్లలో వాడి బొమ్మ పోయి నీది పడుతుంది. దగ్గరున్నది, బలమైనది గెలుస్తుంది. ఆ పని చేసినవాణ్ణి ఇక్కడ కుర్రాళ్లు తంతారు. వయసు కూడా చూడరు."

"ఎవర్నైనా తన్నారా?"

"ఒకడికి ముందు పళ్లు లేవు. వాడు ఇప్పుడు ఈల కూడా వెయ్యలేడు."

కిమైయో కూడా నవ్వాడు. బతికుండగా జెరోటిచ్ అతని నవ్వుకి భయపడేది.

"సైజు చెప్పు మరి," అంది లినెట్, మోటార్‌సైకిల్ ఎక్కుతూ. "సావే బిగించి ఇస్తాడు."

"మా బీరువా కొలుచుకుని చెప్తాను. అందులో పట్టాలిగా."

ఆమె నవ్వుతూనే రోడ్డు మలుపు తిరిగింది.

*

ఇటెన్‌లో కొండ కొస దగ్గర వేదిక కట్టారు. చెక్క గోడలు, పైన రేకు. దాని వీపు లోయ వైపు. వెనక నాలుగడుగులు వేస్తే ఇంక నేల ఉండదు, గాలే.

కిమైయో చెవిటి ముసలాడిలా కర్ర పొడుచుకుంటూ వేదిక చుట్టూ తిరిగాడు. వెనక గోడ దగ్గర ఆగాడు. పలకలకి కొట్టిన మేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. రెండు పలకలవి మాత్రం మెరుస్తున్నాయి. వేలితో తోశాడు. పలకలు పై మేకు మీద వేలాడుతూ తలుపులా పక్కకి జరిగాయి. సందులోంచి వేదిక మీద పెద్ద కుర్చీ వీపు కనబడింది.

చెయ్యి పెట్టి కొలిచాడు. జానన్నర.

 ఏడంగుళాల ఫ్రేమ్ రెక్కలతో కలిపి రెండు జానలు దాటుతుంది. ఇందులో దూరదు. అయిదు దూరుతుంది. చుట్టూ మూడు వేళ్ల చోటు కూడా మిగులుతుంది. అంటే బ్రాండ్ట్ డ్రోన్ ఏడు కాదు, అయిదు. ముందు నుంచి కాదు, వెనక నుంచి. అయిదంగుళాలది బాంబు మోసుకుని ఈ పల్చటి గాలిలో ఎంతో సేపు నిలవలేదు, లోయ అడుగు నుంచి అసలు ఎక్కలేదు. కాబట్టి లేచేది దగ్గర్లోనే. కింద రోడ్డు మలుపులో. నడిపే చెయ్యి కూడా దగ్గర్లోనే ఉంటుంది.

మళ్లీ అదే చెయ్యి. మళ్లీ సందు కొలిచి, దానికి తగ్గ ఫ్రేమ్ ఎంచింది. ఆ ఫ్రేమ్ ఏదో దాచడానికి ఏడని చెప్పింది.

కోరిర్‌కి చెబితే లినెట్‌కి చెప్పినట్టే. చెప్పలేదు. పలకలకి మేకులు దిగ్గొట్టలేదు. కొడితే బ్రాండ్ట్ ఇంకో రోజు, ఇంకో సందు వెతుక్కుంటాడు. లినెట్ మళ్లీ ఎవరి వంటింట్లోనో పాలు తాగుతుంది.

"ఎవర్రా అది, వెనక ఎలకలా గీకుతున్నావు?"

కుర్చీలో తప్కిగెన్ అవ్వ కూర్చుని ఉంది. కుర్చీ తనకి సరిపోతుందో లేదో చూసుకోడానికి వచ్చింది. తలకి తెల్ల గుడ్డ, ఒళ్లో చేతికర్ర. కిమైయో ముందుకొచ్చి తను ఎవరో చెప్పాడు. సందు సంగతి చెప్పాడు.

"ఎంత కన్నం?" అంది అవ్వ.

"మేకపిల్ల దూరేంత."

"మేకపిల్ల దూరితే చూసుకుంటాను. ఇది లోపలికొచ్చి పేలుతుందంటావు."

"నిన్ను చంపాలంటే లోపలికి రావాలి. బాంబు చిన్నది, దేన్ని తాకినా పేలుతుంది. గోడ బయట పేలితే నీకు చెవులు హోరెత్తుతాయి, అంతే."

"నా వీపు వెనక కన్నం ఉందని చెప్పి మరీ నన్ను ఇక్కడే కూర్చోమంటావు."

"అవును."

"నీ పెళ్లాం బతికుంటే నీకు మొట్టికాయలు పడేవిరా."

"బతికి లేదు."

అవ్వ అతని మొహం చూసింది.  "లోయలో నా మనవలు ముగ్గుర్ని పూడ్చాను. ఈ కుర్చీలోంచి నేను లేస్తే నాలుగోవాణ్ణి పూడుస్తాను. కూర్చుంటాలే." కర్రతో నేల మీద కొట్టింది. "కానీ నీలో దయ అనేది ఎండిపోయింది నాయనా. అది మాత్రం చెప్పాలి."

"చెప్పావుగా," అన్నాడు కిమైయో.

*

"ఏడా?" అన్నాడు సావే. "పెద్దాయనా, రేసులో అయిదు దాటితే గేటు దగ్గరే ఆపేస్తారు. మేకల పందేనికి ఎద్దుని తోలుకెళ్తావా?"

"ఏడే కావాలి. పైన బొమ్మ పంపే వీడియో ట్రాన్స్‌మిటర్ నీ దగ్గరున్న వాటిల్లో పెద్దది పెట్టు. బ్యాటరీ, ఒక గాగుల్స్ జత కూడా."

"అంత ట్రాన్స్‌మిటర్ ఏడు మీదే కూర్చుంటుంది, నిజమే. కానీ నేల మీదుండగా ఆన్ చెయ్యకు. ఎగిరేటప్పుడు గాలి తగిలి చల్లబడుతుంది. కదలకుండా ఉంటే పెనంలా కాలిపోతుంది."

"ఎంతసేపటికి?"

"చెయ్యి పెట్టి చూస్తావా ఏంటి?" సావే నవ్వాడు. కిమైయో నవ్వలేదు.

*

శనివారం మబ్బు లేదు. కింద రోడ్డు మలుపులో క్యాబేజీల లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీట్లో టోపీ మొహం మీదికి లాక్కున్న తెల్లవాడు. ఎండకి కమిలిన మెడ. లారీ పక్కనే ఒక ఆవిడ నిప్పుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తోంది.

"ఇక్కడేం అమ్ముతావమ్మా," అన్నాడు కిమైయో. "జనమంతా పైన మైదానంలో ఉన్నారు."

"మైదానంలో చోటియ్యరు బాబూ."

"వేదిక పక్కన తప్కిగెన్ అవ్వ పేరు చెప్పు. ఇస్తారు."

ఆమె నిప్పుల డబ్బా నెత్తికెత్తుకుని కొండెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. లారీ వైపు ఇంకోసారి చూడలేదు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరని మాత్రం చూసుకున్నాడు.

మైదానం గేటు దగ్గర కుర్రాడొకడు అతని చేతిలో ఉన్నదాన్ని చూసి ఈల వేశాడు. "తాతా! ఇది డ్రోనా, మంచమా? దీనికి రేసులో చోటు లేదు. చూసి పో." వెనక ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ముసలాడు తల వేలాడేసి పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత అతను ఎక్కడ తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. అతనికి కావలసింది అదే.

వేదిక ముందు తుపాకుల గుట్ట పెరుగుతోంది. పైవాళ్లు ఒక వైపు, కిందవాళ్లు ఒక వైపు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవడం లేదు. సగంమంది ఇంకా భుజాన వేసుకునే ఉన్నారు. అవ్వ కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలుస్తోంది. డిపార్ట్‌మెంట్ మనుషులంతా లినెట్ చెప్పినట్టే వేదిక ముందు వైపు ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు.

పైలట్లు గుడారం కింద వరుసగా కుర్చీల్లో కూర్చున్నారు. కళ్లకి గాగుల్స్, చేతుల్లో రిమోట్లు. రేసు మొదలైంది. తేనెటీగల తుట్టె కదిపినట్టు మైదానమంతా రొద. గుడారం పక్కన పెద్ద తెర మీద ఒక్కో పైలట్ చూసే బొమ్మ పడుతోంది.

డ్రోన్లు దూరిపోవాల్సిన రెండో గేటు దగ్గర లినెట్ డ్రోన్ స్తంభానికి తగిలి కింద పడింది. జనం అయ్యో అన్నారు. లినెట్ భుజాలెగరేసి అలాగే కూర్చుంది. గాగుల్స్ తియ్యలేదు. అందులో వింతేమీ లేదు. పడిపోయిన పైలట్ ఇంకొకడి ఛానెల్‌కి మార్చుకుని, వాడి కళ్లతో మిగతా రేసు చూస్తాడు. అందరూ చేసేదే.

కానీ చూసేవాడికి బొటనవేళ్లతో పని లేదు. లినెట్ బొటనవేళ్లు రిమోట్ మీద మెల్లిగా, జాగ్రత్తగా కదులుతూనే ఉన్నాయి.

కిమైయో గుడారం వెనక్కి వెళ్లాడు. జేబులోంచి గాగుల్స్ తీసి కళ్లకి ఆనించుకుని ఛానెళ్లు తిప్పాడు. గేట్లు. జెండాలు. ఇంకొకడి గేట్లు. చివర్లో, రేసులో ఎవరికీ ఇవ్వని ఛానెల్లో, గడ్డి. కొండ చరియ గడ్డి, పైకి పాకుతోంది. బరువుకి బొమ్మ ఊగుతోంది. తర్వాత రేకు అంచు. చెక్క గోడ. పక్కకి జరిపిన రెండు పలకలు.

సందులోంచి తెల్ల తలగుడ్డ.

గాగుల్స్ జేబులో పడేశాడు. ఏడంగుళాల ఫ్రేమ్‌ని రెండు చేతులా పట్టుకుని అదే ఛానెల్లో ఆన్ చేశాడు. లినెట్ వీపు వెనక్కి నడిచాడు. ట్రాన్స్‌మిటర్ కింద పలక వేడెక్కింది. అరచేతిలో చర్మం అంటుకుంది. పట్టు వదల్లేదు. కెమెరాని ఆమె మెడ మీదికి తిప్పాడు.

లినెట్ గాగుల్స్‌లోంచి అవ్వ మాయమైంది. బదులుగా ఒక ఎర్ర జాకెట్ వీపు పడింది. దగ్గరికొచ్చింది. పైకెత్తి కట్టిన జుట్టు, కింద మెడ, మెడ వెనక పూసల దండ ముడి. జెరోటిచ్ వేసిన ముడి. ఇంకా దగ్గరికొచ్చింది.

తనని తానే వెనక నుంచి చూసుకుంటోందని అర్థమవడానికి ఆమెకి ఒక ఊపిరి పట్టింది.

"పాలు పులిశాయా?" అన్నాడు కిమైయో ఆమె చెవి దగ్గర.

"బొగ్గు..." అంది లినెట్. ఆగిపోయింది.

ఆమె వేలు ఆమెని అడగలేదు. మీట నొక్కేసింది.

వేదిక వెనక సందులోకి ముక్కు దూర్చిన అయిదంగుళాల డ్రోన్ గాలిలో ఒక్కసారి ఆగింది. పైకి లేచింది. వెనక్కి తిరిగి, తను ఎక్కడ లేచిందో అక్కడికి బుద్ధిగా దిగిపోయింది. కింద రోడ్డు మలుపులో ఢామ్మని మోగింది. క్యాబేజీ ఆకులు కొండ అంచు దాకా ఎగిరి పడ్డాయి. జనం ఉలిక్కిపడి లేచారు, అవ్వ కదలకపోవడం చూసి మళ్లీ కూర్చున్నారు.

చెవిటి మిషన్‌లో కోరిర్ అరిచాడు. "కిమైయో! ఏమైంది?"

"లారీ పేలింది. బ్రాండ్ట్ అందులో ఉన్నాడు. అవ్వ బాగానే ఉంది. నడిపింది లినెట్."

 తర్వాత కోరిర్ గొంతు చల్లబడింది. "మంచిది. ఆ పిల్లని చప్పుడు కాకుండా జీపెక్కించు. బెదిరిస్తే ఇక మనకే పనిచేస్తుంది. ముఠాలో మిగిలినవాళ్లని ఆమే పట్టిస్తుంది. ఒక్క గీత పడకూడదు. వినబడుతోందా?"

కిమైయో చెవిటి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. రిమోట్ లాక్కున్నాడు. గాగుల్స్ ఆమె కళ్ల మీద నుంచి తీశాడు. లినెట్ మొహం మీద వాటి అచ్చు ఎర్రగా పడి ఉంది.

"బాబాయ్," అంది.  "ఆ రోజు బ్రాండ్ట్ డ్రోన్ పంపమన్నది నీకోసం. పిన్ని కోసం కాదు."

"తెలుసు."

"నువ్వే ఉంటావనుకున్నాను."

"గాగుల్స్‌లో కనబడుతుందిగా. పొయ్యి దగ్గరున్నది నేను కాదని కనబడిందిగా. అప్పుడు ఈ మీట ఎందుకు నొక్కలేదు?"

లినెట్ రిమోట్ లేని తన బొటనవేళ్ల వైపు చూసుకుంది.  

"బొమ్మ పోలేదుగా, బాబాయ్," అంది.

కిమైయో తలూపాడు. ఆమె గాగుల్స్ పట్టుకుని పెద్ద తెర దగ్గరికి నడిచాడు. రేసు గాగుల్స్ తాము చూసిందంతా దాచుకుంటాయి. కుర్రాళ్లు ఓడిపోయాక తగాదా పడేది ఆ బొమ్మలు చూసుకునే. తెర దగ్గరున్నవాడికి గాగుల్స్ ఇచ్చి వైరు చూపించాడు.

"వెయ్యి."

"ఏంటి తాతా ఇది?"

"వెయ్యి, చెప్తాను."

తెర మీద కొండ చరియ గడ్డి పైకి పాకింది. మైదానంలో మాటలు ఆగిపోయాయి. రేకు అంచు. చెక్క గోడ. సందు. తెల్ల తలగుడ్డ, పెద్దదవుతూ. ఆ తలగుడ్డ ఎవరిదో అందరికీ తెలుసు. అంతలో బొమ్మ చెదిరి ఎర్ర జాకెట్ వీపు పడింది, మెడ పడింది, పూసల దండ పడింది. జనం తలలన్నీ గుడారం వైపు తిరిగాయి. ఆ జాకెట్ మైదానంలో ఒక్కతే వేసుకుంది.

కిమైయో ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పే పని పడలేదు.

రెండో వరసలో లినెట్ తండ్రి కూర్చుని ఉన్నాడు. కూతురి రేసు చూడటానికి కోటు వేసుకుని వచ్చాడు. లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆమె "నాన్నా" అంది. అతను ఆమె వైపు చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

తుపాకుల గుట్ట వైపు నాలుగైదు చేతులు కదిలాయి.

"కూర్చోండి!" అంది తప్కిగెన్ అవ్వ. కుర్చీలోంచి లేవలేదు. "చచ్చింది నేను కాదు. నేను చచ్చాక కొట్టుకోండి. చెలాంగా, ఏం చూస్తున్నావు? భుజం మీదున్నది దించు."

చెలాంగా అనేవాడు దించాడు. వెనకవాడు దించాడు. గుట్ట మళ్లీ పెరగడం మొదలెట్టింది. ప్రతివాడూ లినెట్ కుర్చీ ముందు నుంచే నడిచి వెళ్లాలి. ఒక్కడూ ఆమెని తిట్టలేదు. ఒక్కడూ ఆమె వైపు చూడలేదు. నిన్నటిదాకా ఆమె మోటార్‌సైకిల్ వెనక పరిగెత్తినవాళ్లు.

"జీపెక్కించు బాబాయ్," అంది లినెట్. "దణ్ణం పెడతాను. ఇక్కడ్నుంచి తీసుకుపో. కోరిర్ సార్ నన్ను చూసుకుంటాడు."

"చూసుకునేవాడు," అన్నాడు కిమైయో. "ఇప్పుడు నీ మొహం అందరికీ తెలిసింది. నువ్వు ఆయనకి పనికిరావు."

ఆఖరి తుపాకీ పడేదాకా ఆమెని అక్కడే కూర్చోబెట్టాడు. పోలీసులు తీసుకెళ్లే ముందు చెయ్యి చాచాడు. ఆమె మెడ వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడింది. బంగారు రంగు గోళ్లకి ఆ ముడి లొంగలేదు. అతను సాయం చెయ్యలేదు.

*

కోరిర్ ఫోన్‌లో అరిచినంతసేపు అరిచాడు. ఏళ్ల తరబడి పెంచుకున్న మనిషిని బూడిద చేశావన్నాడు. మొత్తం ఎలా జరిగిందో మొదట్నుంచీ వచ్చి చెప్పమన్నాడు.

"బ్రాండ్ట్ చచ్చాడు. అవ్వ బతికుంది. తుపాకులు కింద పడ్డాయి," అన్నాడు కిమైయో. "అంతకు మించి చెప్పను సార్." ఫోన్ పెట్టేశాడు.

ఎల్డొరెట్‌లో సావే ఏడంగుళాల ఫ్రేమ్‌ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క గీత లేదే! రెక్కలకి దుమ్ము కూడా అంటలేదు. ఎలా ఎగిరింది పెద్దాయనా?"

"ఎగరలేదు."

"ఎగరలేదా? అయితే అంత పట్టుబట్టి ఏడెందుకు తీసుకున్నావు?"

కిమైయో కట్టు కట్టిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో పూసల దండ ఉంది. "అయిదు నా చేతికి చిన్నదయింది."

సావే నవ్వాడు. ఇంకేదో అడగబోయాడు.

"ఇది నన్ను మళ్లీ అడక్కు," అన్నాడు కిమైయో. "నువ్వే కాదు, ఎవరడిగినా ఈ సంగతి ఇంక మాట్లాడను."

మాట్లాడలేదు.